రాగి బిందెలో సముద్రం

ఆదోనిలో సముద్రం చూసినవాళ్ళు ఆ రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరేమో. అలాంటి ఊరికి సముద్రమే మెయిలు బండెక్కి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు? నమ్మక తప్పదు. దాన్ని స్టేషన్లో దించుకుని బండి మీద ఇంటికి తోలుకొచ్చినవాడు మాదన్న.

మాదన్నది దేవనకొండ పక్క పల్లె. ఆకాశం వైపు చూస్తూ బతికే చిన్న చేను ఒకటి ఉండేది. వరస కరువుల్లో అదీ చేయి జారిపోయింది. భార్య ఉచ్చీరమ్మను వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చి శేషప్పశెట్టి జిన్నింగు మిల్లులో పత్తి మోసే పనికి చేరాడు. మనిషి గట్టివాడు. అంతకంటే శుభ్రమైనవాడు. పగలంతా పత్తి దుమ్ములో మునిగి తేలినా, సాయంత్రం నెత్తిన నీళ్ళు పోసుకోకుండా ముద్ద ముట్టేవాడు కాదు. ఆ శుభ్రాన్ని చూసుకుని అతనికి కాస్త గర్వం కూడా ఉండేది. ఎవరు తాకితే ఏది మైలపడుతుందో అతనికి తెలిసినంతగా ఆ మిల్లులో మరెవరికీ తెలియదని అనుకునేవాడు. కూలివాడికి అంత లెక్కలెందుకని మనం నవ్వుకోవచ్చు. చేను పోయినవాడికి మిగిలిన ఆస్తి అదొక్కటే మరి.

పంతొమ్మిది వందల యాభై అయిదు ప్రాంతంలో శెట్టి పత్తి బేళ్ళ బేరానికి బొంబాయి పోయి, గాజు తొట్లలో ఈదుతున్న సముద్రపు చేపలను చూశాడు. చూసి ఊరుకుంటే శెట్టి ఎందుకవుతాడు? తన ఇంటి పడసాలలో కూడా అలాంటిది ఒకటి ఉండాలన్నాడు. చేప వాసన తగిలితే ఇల్లంతా కడిగించే ఇల్లు అది. శెట్టి తల్లిని ఇంట్లో అందరూ అవ్వ అంటారు. ఆమె తల బాదుకుంటే, ఇవి తినే చేపలు కావమ్మా, మత్స్యావతారం అని కొడుకు నచ్చజెప్పాడు. మద్రాసు నుంచి ఒక మనిషి రంగు రంగుల చేపలను, పెద్ద పెద్ద గాజు బుడ్లలో సముద్రపు నీళ్ళను రైల్లో తెచ్చి తొట్టి కట్టించాడు. దాన్ని చూసుకోవడానికి ఒక శుభ్రమైన మనిషి కావాలంటే, మిల్లు మిల్లంతా మాదన్న వైపే చూసింది.

అలా మాదన్న పత్తి మూటల కింద నుంచి బయటపడి చేపల మాదన్న అయ్యాడు. లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి, సన్నటి రబ్బరు గొట్టంతో ఆ గాలిని బుడగలు బుడగలుగా నీళ్ళలోకి వదలాలి. ఎండు రొయ్యల పొడిని చిటికెడు చిటికెడుగా చల్లాలి. రోజూ తొట్టిలో కొంత పాత నీరు తీసి బుడ్లలోని కొత్త నీరు పోయాలి. ఆ బుడ్లు మద్రాసు నుంచి మెయిలు బండిలో వస్తూనే ఉంటాయి, వాటిని స్టేషన్లో దించుకుని రావాలి. మద్రాసు మనిషి తాను తెచ్చిన తెల్ల పింగాణి బకెట్ చూపించి, నీళ్ళు మార్చేది దీంతోనే, వేరే దేనితోనూ వద్దని గట్టిగా చెప్పి పోయాడు. ఎందుకని అతను చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

ఆ పనిలో మాదన్న ప్రాణం పెట్టాడు. స్నానం చేసి తడి పంచెతో తప్ప తొట్టి దగ్గరికి పోయేవాడు కాదు. సముద్రమంటే మాటలా? పుష్కరానికి తుంగభద్ర దాకా పోవడమే గొప్ప అనుకునే మనిషికి, అన్ని నదులూ కలిసే నీళ్ళు చేతికి వచ్చాయి. ఎవరూ చూడనప్పుడు నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకునేవాడు.

ఆ పడసాల ఊడ్చి తుడిచేది ఏసమ్మ. మాధవరం ఆడపడుచు, ఆదోని కోడలు. మొగుడు అదే మిల్లులో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ముసలి అత్తను సాకుకుంటూ ఈ ఇంట్లోనూ ఇంకో రెండు ఇళ్ళలోనూ వాకిళ్ళు ఊడ్చేది, ఫినాయిల్ వేసి గచ్చు తుడిచేది. ఆదివారం చర్చికి పోయేది. పడసాల దాటి లోపలికి ఆమెకు ప్రవేశం లేదు. మాటలు తక్కువ. కానీ గచ్చు తుడిచే గుడ్డ పక్కన పెట్టి తొట్టి ముందు గొంతుకూర్చుందంటే మాత్రం, చేపలను ఒక్కొక్కదాన్నే పలకరించేది. ఆమె గాజు మీద వేలు ఆనిస్తే చారల చేపలు రెండూ ఆ వేలి దగ్గరికే వచ్చి నిలబడేవి. మాదన్న వేలికి అవి అట్లా రాలేదు.

ఒకసారి మాదన్నకు జ్వరం వచ్చి రెండు పూటలు పడకేశాడు. తిరిగి వచ్చేసరికి తొట్టి నీళ్ళు మార్చి ఉన్నాయి. ఎవరు పోశారని అడిగితే, నేనే అన్నా, నువ్వు రాకపోతే అవి ఎట్లుంటాయోనని బకెట్‌తో పోసినా అని ఏసమ్మ చెప్పింది. చేపలు హాయిగా ఉన్నాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు. మాదన్నకు మాత్రం కడుపులో రెండు మంటలు పుట్టాయి. తాను లేకపోయినా ఆ పని నడిచిందన్నది ఒకటి. ఆమె చేయి తగిలిన బకెట్‌ను తాను మళ్ళీ ఆ నీళ్ళలో ఎట్లా ముంచడమన్నది రెండోది. ఆమె అటు పోగానే బకెట్‌ను కట్టెల కొట్టంలోకి విసిరేసి, పూజగది పక్కన వాడకం లేకుండా పడి ఉన్న రాగి బిందె ఇమ్మని అవ్వను అడిగాడు. గంగను రాగిలోనే గదా ఉంచేది, సముద్రం దానికంటే తక్కువా అన్నాడు. అవ్వ అతని భక్తికి మురిసిపోయి, బిందెతో పాటు గుప్పెడు చింతపండు కూడా ఇచ్చింది.

ఆ రోజు నుంచి మాదన్న బిందెను చింతపండుతో తళతళా తోమి, సాయంత్రమే సముద్రపు నీళ్ళు అందులో పోసి గుడ్డ కప్పేవాడు. రాత్రంతా నీళ్ళు తేరుకుంటాయని, పొద్దున్నే తొట్టిలో పోసేవాడు. బిందె చుట్టూ చిన్న ముగ్గు కూడా వేశాడు. ఏసమ్మ ముగ్గును చూసింది, బిందెను చూసింది, మాదన్నను చూసింది. గచ్చు తుడిచే గుడ్డను ఆ ముగ్గుకు బారెడు దూరంలోనే ఆపి, వెనక్కి జరిగింది.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున పసుపుపచ్చ చేప నీళ్ళ మీదికి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ కనిపించింది. మధ్యాహ్నానికి పక్కకు ఒరిగిపోయింది. మరునాడు ఇంకొకటి. రంగులు వెలిసిపోయి, ఒంటిని రాళ్ళకు రుద్దుకుంటూ, ఒకదాని వెనక ఒకటి పోసాగాయి.

మాదన్నకు తిండి సహించలేదు. గాలి చాలడంలేదేమోనని ఇంకో ట్యూబు తెప్పించాడు. వేడికేమోనని తొట్టి చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాడు. రొయ్యల పొడి ముక్కిపోయిందేమోనని పారబోసి కొత్తది తెచ్చాడు. దేనికీ గుణం కనిపించలేదు. ఇక పాత నీళ్ళే చెడి ఉంటాయని, బిందె తర్వాత బిందె కొత్త నీళ్ళు పోశాడు. ఎంత పోస్తే అంత తొందరగా చచ్చాయి. పాపం, మందు అనుకుని పోసిందే మళ్ళీ మళ్ళీ పోశాడు. వారం తిరిగేసరికి తొట్టిలో నీళ్ళు, రాళ్ళు మిగిలాయి.

శెట్టి పిలిచి అడిగాడు. మాట కటువుగా లేదు, కానీ మిల్లులో పత్తి మోసేవాళ్ళు తక్కువగా ఉన్నారని అంటూ మొదలుపెట్టాడు. మాదన్నకు పాత రోజులు గుర్తొచ్చాయి. ఆ మూటల కిందికి మళ్ళీ పోవాలా? ఆ భయంలో అతని నోటికి ఒక మాట తగిలింది. ఏసమ్మ ఫినాయిల్ వేసి తుడుస్తుంది గదా అన్నాడు. అయితే, అన్నాడు శెట్టి. మాదన్న అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"ఫినాయిల్ సేత్తోనే తొట్టిలో సెయ్యి పెట్టిందప్పా. నేను సూసినా."

అతను చూసింది గాజు బయట ఆనించిన వేలు. ఆ చేయి నీళ్ళలో పడిందని అప్పటికప్పుడు అల్లాడు. ఏసమ్మను ఆ పూటే పంపేశారు. ఆమె శెట్టిని బతిమాలలేదు, అవ్వ కాళ్ళు పట్టుకోలేదు. చీపురు గోడకు ఆనించి, మాదన్న దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"నువ్వు సూసినావా, మాదన్నా?"

"సూసినా" అన్నాడు మాదన్న, తొట్టి వైపు తిరిగి.

వానలు మొదలయ్యాక కొత్త చేపలు వచ్చాయి. ఫినాయిల్ లేదు, ఏసమ్మ లేదు. అవ్వ తొట్టికి పసుపు రాసి దిష్టికి నిమ్మకాయ కూడా కట్టించింది. మాదన్న మునుపటి కంటే మడిగా, మునుపటి కంటే ఎక్కువగా తోమిన బిందెతో నీళ్ళు పోశాడు. చేపలు మునుపటిలాగే నోళ్ళు తెరిచాయి. శెట్టి బొంబాయిలో ఉన్నాడు. అతను తిరిగొచ్చేలోగా తొట్టిలో రెండే మిగిలాయి. వాటికీ మొదటి వాటిలాగే చారలున్నాయి.

బిందె లోపల ఎంత రుద్దినా వదలని మరకలు ఏవో పట్టాయని, మాదన్న దాన్ని ఇంటికి తెచ్చి ఉచ్చీరమ్మకు ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి లోపలికి తొంగి చూసింది. మెడ దగ్గర ఉప్పు పేరుకుని, దాని కింద పచ్చగా కిలుము కట్టి ఉంది. ఇందులో ఏం పోస్తాండావని అడిగింది. చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఉప్పునీళ్ళు రాగిలో పోస్తారా ఎవరైనా? మజ్జిగ పోస్తేనే కిలుమెక్కి కక్కుకుంటాము గదా. అవి మాత్రం ఎట్ల బతుకుతాయి?"

మాదన్న బిందెను లాక్కుని తానూ లోపలికి చూశాడు. ఇది అతనికి తెలియని సంగతా? చిన్నప్పుడు చద్ది మజ్జిగ రాగి చెంబులో పోసుకుని తాగి, పేగులు బయటికి వచ్చేలా వాంతులు చేసుకున్నాడు. తల్లి ఒక చేత్తో వీపు నిమురుతూ ఇంకో చేత్తో నాలుగు వాయించింది. కళాయి లేని రాగిలో పులుపు పెట్టకూడదు, ఉప్పు పెట్టకూడదు. ఆ సీమలో పొయ్యి ముట్టించే ప్రతి ఆడమనిషికీ ఇది తెలుసు. ఆ ఆడవాళ్ళ చేతి కూడు తిన్న ప్రతి మగవాడికీ తెలుసు. సముద్రమనేసరికి అతనికి గంగ గుర్తొచ్చింది గాని ఉప్పు గుర్తురాలేదు. అంతకంటే నిజం చెప్పాలంటే, ఆ బకెట్‌ను తాకిన చేయి తప్ప అతనికి ఇంకేమీ గుర్తులేదు.

పరుగున శెట్టి ఇంటికి పోయి కట్టెల కొట్టంలో పింగాణి బకెట్ వెతికాడు. దుమ్ము కడిగి, ఇంకా మూత తీయని బుడ్డి నుంచి నీళ్ళు పోసి, మిగిలిన రెండు చేపలనూ అందులోకి మార్చాడు. మరునాడు పొద్దున అవి రెండూ తోకలు ఆడిస్తూ మేత కోసం పైకి వచ్చాయి. సంతోషించాల్సిన మనిషి అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు. అవి చచ్చిపోయి ఉన్నా బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. చచ్చి ఉంటే ఇంకా ఏదో కారణం వెతుక్కోవడానికి వీలుండేది.

శెట్టి తిరిగి వచ్చాడు. తొట్టి కడిగించి, మళ్ళీ చేపలు తెప్పించాడు. ఈసారి ఒక్కటీ చావలేదు. మాదన్న బకెట్‌తోనే నీళ్ళు పోస్తున్నాడని ఎవరూ గమనించలేదు. అతని చేయి మంచిదని అవ్వ కొత్త పంచె ఇప్పించింది. వచ్చినవాళ్ళందరికీ శెట్టి తొట్టి చూపించి, ఏసమ్మ ఫినాయిల్ చేతి కథ చెప్పేవాడు. ఆమె పోయిన తర్వాత కూడా చేపలు చచ్చాయి గదా అని ఎవరైనా అడిగితే, ఆ విషం గాజుకు పట్టి ఉండింది, ఇన్నాళ్ళకు వదిలింది అనేవాడు. గాజుకు ఏం పడుతుంది, శెట్టి నోటికి పట్టింది. ఆ నోటి నుంచి అది బజారుకు పాకింది. చేపల్ని చంపిన ఏసమ్మ అని ఆమెకు పేరు పడింది. మిగతా రెండు ఇళ్ళవాళ్ళు కూడా, పిల్లలున్న ఇల్లు, ఏమి కలుపుతుందో ఏమో అని మానిపించారు. ఆమె అత్తను తీసుకుని ఎమ్మిగనూరు వెళ్ళిపోయిందని తెలిసింది.

ఉచ్చీరమ్మకు సంగతంతా అర్థమైంది. అన్నం పెట్టి ముఖం తిప్పుకునేది. కొత్త పంచె కట్టుకోబోతే, అది చూసి లేచి బయటికి పోయింది. మాదన్న దాన్ని మడిచి పెట్టెలో పెట్టాడు. తొట్టి ముందు నిలబడితే, గాజులో తన ముఖమే తనకు కనబడేది. చూడలేక పక్కకు జరిగి నిలబడి పని చేసుకునేవాడు.

చివరకు ఒక రోజు సెలవు అడిగి ఎమ్మిగనూరు బస్సెక్కాడు. అడుగుతూ అడుగుతూ పోతే, ఒక సాలె ఇంటి వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ ఏసమ్మ కనిపించింది. చిక్కిపోయింది. అతన్ని చూసి రాట్నం ఆపలేదు. మాదన్న నిలబడే అంతా చెప్పాడు. బిందె సంగతి, కిలుము సంగతి, చూశానని చెప్పిన అబద్ధం. చెబుతూ ఉంటే గొంతు ఎండిపోయింది. నీళ్ళు అడిగే ముఖం అతనికి లేదు. ఆమె ఇవ్వనూ లేదు. అంతా విని, తెగిన నూలు పోగు ముడివేసుకుంటూ ఆమె అంది.

"ఆ బిందె తెచ్చిన పొద్దే నాకు తెలిసె, నా సెయ్యి తగిలిందనే తెచ్చినావని. అది సేపల్ని సంపుతాదని నాకేం తెలుసు?"

మాదన్న తల దించుకునే ఉన్నాడు. తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

"నేను సంపలేదని నాకు తెలుసు, మాదన్నా. నాకు సెప్పేదానికి ఇంత దూరం వస్తివే. తెలియనోళ్ళంతా ఆదోనిలో ఉండారు. ఆడ సెప్పు."

తిరుగు బస్సులో అతను ఎవరి ముఖమూ చూడలేదు. ఆమెకు చెబితే తన బరువు దిగుతుందని పోయాడు. నిజానికి దాన్ని దించుకోవడానికే పోయాడు, ఆమె కోసం కాదు. ఆ సంగతి ఆమె రాట్నం తిప్పుతూనే కనిపెట్టేసింది. ఆదోని స్టేషన్ దీపాలు కనిపించేసరికి అతనికి సిగ్గుతో ఒళ్ళంతా చెమట పట్టింది.

మరుసటి సాయంత్రం రాయచూరు నుంచి వచ్చిన పత్తి వర్తకులు పడసాలలో కూర్చున్నారు. శెట్టి తొట్టి చూపించి కథ మొదలుపెట్టాడు. ట్యూబులో గాలి కొడుతున్న మాదన్న పంపు కింద పెట్టి లేచాడు.

"అది అబద్ధమప్పా. ఏసమ్మ తొట్టిలో సెయ్యి పెట్టలేదు. ఆమె ముట్టిన బకెట్ నాకు రోతయి రాగి బిందె తెచ్చినా. ఆ కిలుముకే సచ్చినాయి. సూసినానని సెప్పింది నేనే."

వర్తకులు శెట్టి వైపు చూశారు. అతను నవ్వాడు. చూశారా, దిక్కులేని ఆడమనిషి మీద జాలిపడి తప్పు తన మీద వేసుకుంటున్నాడు, ఇంత మంచి మనిషి మా ఇంట్లో ఉన్నాడు అన్నాడు. వర్తకులు తలలూపి మెచ్చుకున్నారు. ఒకాయన లేచి వచ్చి మాదన్న భుజం కూడా తట్టాడు. మాదన్నకు ఆ చేయి కింద భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అతను అబద్ధం చెప్పిన రోజు ఎవరూ సాక్ష్యం అడగలేదు. నిజం చెబితే దానికీ అతన్నే మెచ్చుకుంటున్నారు.

మాదన్న అప్పటికప్పుడు ఇంటికి పోయాడు. బిందె తెచ్చి అందరి ఎదుటా చింతపండుతో తోమి, సముద్రపు నీళ్ళు నింపి గుడ్డ కప్పాడు. పొద్దున, రాత్రికి అక్కడే ఆగిన వర్తకులు కాఫీ తాగుతుండగా, తాను కాపాడుకున్న చారల చేపలు రెండింటిలో ఒకదాన్ని బిందెలో, రెండోదాన్ని అదే బుడ్డి నుంచి అప్పుడే నీళ్ళు పోసిన పింగాణి బకెట్లో వదిలాడు. పక్కన గొంతుకూర్చున్నాడు. బిందెలోని చేప కాసేపు తిరిగింది. తర్వాత పైకి వచ్చి నోరు తెరవసాగింది. తీసి తొట్టిలో వేయమని శెట్టి రెండుసార్లు చెప్పాడు. మాదన్న కదలలేదు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. భోజనాలకు లేచే వేళకు అది పక్కకు ఒరిగింది. బకెట్లోది మేత కోసం అంచు దగ్గరికి వచ్చి నిలబడింది.

ఈసారి ఎవరూ మెచ్చుకోలేదు. వాళ్ళలో సగం మంది ఆ బకెట్‌ను తామైనా విసిరేసేవాళ్ళే, ఆ సంగతి వాళ్ళకు తెలుసు కాబట్టి నవ్వలేదు కూడా. అవ్వ ఆ బిందె ఇక ఇంట్లో ఉండకూడదంది. రేపటి నుంచి రావద్దని శెట్టి చెప్పాడు. నిండు పడసాలలో పరువు తీశాడన్న కోపమే తప్ప, పోయిన చేప మీద అతనికి పెద్ద దిగులేమీ లేదు.

మాదన్న వేరే మిల్లులో మళ్ళీ పత్తి మూటల కిందికి చేరాడు. ఉచ్చీరమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. వర్తకుల నోట పడిన కథ మిల్లు నుంచి మిల్లుకు తిరిగింది. ఏసమ్మను మానిపించిన ఇళ్ళవాళ్ళు మళ్ళీ రమ్మని ఎమ్మిగనూరుకు కబురు పంపారు. ఆమె రాలేదు. కండెలు చుట్టుకుంటూ అక్కడే ఉండిపోయింది.

ఆమెకు పడిన పేరు మాత్రం మాదన్నకు వచ్చి పడింది. ముసలివాడై కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో కూడా, బజారులో ఎవడో ఒక కుర్రకుంక నవ్వుతూ "సేపల్ని సంపిన మాదన్నవు నువ్వేనా తాతా" అని అడిగేవాడు. మాదన్న నడక ఆపి, వాడి వైపు తిరిగి, తల దించుకునే జవాబు చెప్పేవాడు.

"నేనే నాయనా. ఏసమ్మ కాదు."